ఊక బూడిద, ఊపిరి

సాహిత్యంలో పిహెచ్‌డి చేసినదానివి, నీకు ఊపిరితిత్తుల కణాలతో ఏం పని అని నవ్వింది సూర్యాపేటలో నాతోపాటు పాఠాలు చెప్పే జంతుశాస్త్రం స్నేహితురాలు. ఆమె పుస్తకాలే తెచ్చుకుని చదువుతున్నాను. నాకు పని పడింది నిజానికి అందులోని మాటలతో.

మా మేనత్త మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో 22 ఏళ్లు పనిచేసింది. సాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చాక ఆ ప్రాంతమంతా వరి పెరిగింది, వరి వెంట మిల్లులు పెరిగాయి. కోదాడ దగ్గర మా ఊళ్లో నాట్లేసిన చేతులతోనే అత్త అక్కడ వడ్లు ఆరబోసింది, నేల ఊడ్చింది, బాయిలర్ కింద బూడిద ఎత్తింది. ఇప్పుడు నాలుగు మెట్లు ఎక్కలేదు. "ఎగపోస్తుంది బిడ్డా, దమ్ము నిలుస్తలేదు" అంటుంది. సూర్యాపేటలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు మామయ్య బీడీల గురించి అడిగారు. కట్టెల పొయ్యి గురించి అడిగారు. రెండూ అడగాల్సినవే. ఏం పని చేసేదానివమ్మా అని మాత్రం అడగలేదు. చీటీలో వృత్తి దగ్గర 'గృహిణి' అని ఉంది.

వడ్ల బరువులో సుమారు ఐదో వంతు ఊక. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడికించే బాయిలర్లలో ఆ ఊకనే కాలుస్తారు. మిగిలిన బూడిదలో సాధారణంగా నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికా. బాగా ఎక్కువ వేడికి కాలితే అందులో కొంత స్ఫటిక రూపంలోకి మారుతుంది. స్ఫటిక సిలికా దుమ్ము పీల్చిన కార్మికులకు క్యాన్సర్ రాగలదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1997లో తేల్చింది.

ఆ దుమ్ము లోపల ఏం చేస్తుంది? ఊపిరితిత్తుల గాలి గదుల్లో మాక్రోఫేజ్‌లనే కణాలుంటాయి. అవి కూడా ఊడ్చే పనివాళ్లే. నలుసును మింగుతాయి గానీ అరిగించుకోలేవు. సిలికా ఆ కణం లోపలి సంచిని చీలుస్తుంది. ఆక్సిజన్ నుంచి పుట్టే దుడుకు అణువులు పోగవుతాయి, వాటిని చల్లార్చే గ్లూటాథియోన్ తరిగిపోతుంది. ఇలా తూకం తప్పడాన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. 1985లో హెల్ముట్ సీస్ దీన్ని నిర్వచించాడు. కణం చస్తుంది, నలుసు చావదు. బయటపడ్డ నలుసును ఇంకో కణం మింగుతుంది. ఆ వాపుల మీద మచ్చలు కడతాయి. మచ్చ కట్టిన ఊపిరితిత్తి సాగదు. మిల్లు మానేసినా జబ్బు ముదరడం ఇందుకే.

1972లో కెర్, వైలీ, కర్రీ అనే శాస్త్రవేత్తలు ఒకరకం కణమరణానికి 'అపోప్టోసిస్' అని పేరు పెట్టారు. ఆకులు రాలడమని దానర్థం. ఆ మాట సూచించింది అబర్దీన్‌లో గ్రీకు ఆచార్యుడు జేమ్స్ కార్మాక్. భాష చెప్పేవాళ్లకూ అక్కడ పనుందని నా స్నేహితురాలికి చూపించాను. తర్వాత్తర్వాత పాఠాల్లోకి ఇంకో పేరు వచ్చింది: కణం ఆత్మహత్య. పిండం వేళ్లు విడివడాలంటే వాటి మధ్య కణాలు తప్పుకోవాలి, నిజమే. అది రుతువు వచ్చి రాలిన ఆకు. బూడిద మింగి చచ్చిన కణానికీ అదే మాటా? కోడళ్ల చావుల దగ్గర ఈ ఆత్మహత్య అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు! చచ్చినవాళ్ల లోపలే కారణం వెతికే మాట అది. ఒత్తిడి పెట్టినవాళ్లు ఆ వాక్యంలో కనబడరు.

ఈ చావును పరీక్షించడానికి ప్రయోగశాలల్లో విరివిగా వాడే ఏ549 కణాలు 1972లో 58 ఏళ్ల పురుషుడి ఊపిరితిత్తి గడ్డ నుంచి పెంచినవి. వాటి నుంచి నేర్చుకున్నది తక్కువేం కాదు. కానీ గాజు పళ్లెంలో కణానికి మిల్లు ఉండదు, దినకూలి ఉండదు, ఇంటికొచ్చాక మళ్లీ పొయ్యి ఊదే పనీ ఉండదు.

చట్టం సిలికోసిస్‌ను అధికారులకు విధిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. ఎక్స్‌రేతో పాటు ఎన్నేళ్లు ఏ దుమ్ములో పనిచేశారో తెలిస్తేనే ఆ జబ్బు నిర్ధారణ అవుతుంది. అత్తది అదో కాదో, పని అడిగితే కదా తేలేది! మిల్లును అడుగుదామంటే హాజరు పుస్తకంలో ఆమె పేరే లేదు. దినకూలీ ఆడవాళ్ల పేర్లు రాయలేదట.

బూడిద మీద నీళ్లు చల్లి ఎత్తించడం, సరైన మాస్కులు ఇవ్వడం, ఏటా ఛాతీ పరీక్ష చేయించడం పెద్ద ఖర్చులేం కావు. ముక్కుకు చుట్టుకున్న కొంగు సన్నని నలుసుల్ని ఆపదు. అన్నిటికన్నా ముందు పేరు రాయాలి. పోయిన నెల అత్తతో కలిసి పనిచేసిన నలుగురిని కూర్చోబెట్టి, ఎవరు ఏ ఏడు చేరారో, ఏ పని చేశారో రాసుకున్నాను. అత్త వేలిముద్ర వేయనంది. వణుకుతున్న చేత్తోనే సంతకం చేసింది.