మంచు తుడిచే గాలి

గోదావరి డెల్టాలో వాహనానికి హీటరు ఎందుకని ఎవరైనా నవ్వవచ్చు. మా పెనుగొండలో వేసవి అంటే వడగాలి, వానాకాలం అంటే ఉక్కపోత. చలికాలమన్నా, ధనుర్మాసంలో తెల్లవారుజామున దుప్పటి కప్పుకొనేటంత చలి మాత్రమే. అందుచేత వ్యాను ఉన్నవారు హీటరు మీటను ముట్టుకోరు. అది చెడిపోతే బాగుచేయించరు. ఈ ఉపేక్షను నేను అంగీకరించలేను. హీటరు వెచ్చదనానికే అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మా ప్రాంతంలో దానితో పని ఒంటికి కాదు, కంటికి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా అంతటా కాలువలు విస్తరించాయి. అనేకచోట్ల వాటి గట్లే బాటలయ్యాయి. ఒక ప్రక్క కాలువ, మరొక ప్రక్క దాళ్వా నాట్లకు నీరు పెట్టిన చేలు. సంక్రాంతి రోజులలో ఆ తేమ పొగమంచై గట్ల మీద పరుచుకొంటుంది. వ్యానులో పదిమంది కూర్చుంటే వారి ఊపిరిలోని ఆవిరి చల్లని అద్దానికి లోపలి వైపున చెమ్మగా పడుతుంది. బయట తిరిగే వైపరు దానిని తుడవలేదు. ఒక చేత స్టీరింగు, మరొక చేత గుడ్డ పట్టుకొని మలుపులు తిప్పే డ్రైవర్లను నేను ఎందరినో చూశాను.

మా తమ్ముడు వాసవీ కన్యకాపరమేశ్వరి దేవాలయానికి వచ్చే యాత్రికులను తణుకు స్టేషను నుండి తీసుకొనివచ్చే పాత వ్యాను ఒకటి నడిపేవాడు. ఒక పుష్యమాసంలో దాని హీటరు గాలి నిలిచిపోయింది. డాష్‌బోర్డు క్రింద తడితే తిరిగేది; గతుకు వస్తే ఆగిపోయేది.

“ఈ ఎండల దేశంలో హీటరెందుకండీ? వైరు పీకేద్దాం” అన్నాడు మెకానిక్.

“అద్దం కనబడకపోతే ఇంతమందిని కాలువలో దింపుతాను. మోటారు చూడండి” అన్నాడు తమ్ముడు.

హీటరులో వింత ఏమీ లేదు. ఇంజనును చల్లబరచి వేడెక్కిన నీరు ఒక చిన్న రేడియేటరులోకి వస్తుంది. మోటారు దాని మీదుగా గాలిని అద్దానికి నెడుతుంది. వెచ్చని గాలి ఎక్కువ ఆవిరిని భరించగలదు కనుక అద్దం మీది చెమ్మను తీసుకొనిపోతుంది. 1821లో లండనులో మైకేల్ ఫారడే పాదరసంలో వేలాడే తీగను అయస్కాంతం చుట్టూ తిప్పి చూపాడు. అరచేతిలో ఇమిడే ఈ మోటారు ఆ తీగకు వారసురాలే.

మెకానిక్ మొదట ఫ్యూజు చూశాడు, బాగుంది. వేగాలు మార్చే రెసిస్టరు కాలిపోతే సాధారణంగా పై వేగమొక్కటే మిగులుతుంది. మా వ్యానులో ఏ వేగమూ లేదు. మోటారు వరకు 12 వోల్టులు వస్తున్నాయి, తడితే తిరుగుతోంది. అంటే లోపలి కార్బన్ బ్రష్షులు అరిగిపోయి, కరెంటు అందుకొనే రాగి భాగాన్ని సరిగా తాకడం లేదన్నమాట. విప్పి చూస్తే పీపా వంటి ఫ్యాను నిండా ధూళి, ఎలుక పేర్చుకొన్న గడ్డి! బ్రష్షులు మార్చితే చాలునేమో అనుకొన్నాము. కాని రాగి మీద గాళ్లు పడ్డాయి, ఇరుసు ఊగుతోంది. పంపుసెట్ల మోటార్లకు తీగ చుట్టే కొట్లు మా వైపు కొదవలేదు గాని, ఇంత చిన్నదానికి ఆ శ్రమ దండుగ. కొత్త మోటారే కొన్నాము.

పాత ఫ్యానుకు ఇనుప క్లిప్పు ఒకటి ఉంది. తుప్పు ముక్క అనుకొని సహాయకుడు దానిని తీయబోతే మెకానిక్ చెయ్యి పట్టుకొన్నాడు. తూకం సరిపోవడానికి పెట్టినది అది. తీస్తే ఫ్యాను అదిరి కొత్త ఇరుసును కూడా తినేస్తుంది. బిగించాక మోత బాగానే వచ్చింది, గాలి మాత్రం బలహీనంగా వచ్చింది. కొత్త మోటారు తీగల రంగులు వేరు; అవి తారుమారై అది వెనుకకు తిరుగుతోంది. ఈ రకం ఫ్యాను వెనుకకు తిరిగినా గాలిని అటే నెడుతుంది, కాని నీరసంగా. అందుకే చాలామంది దీనిని పోల్చుకోలేరు. తీగలు మార్చగానే డాష్‌బోర్డు మీది కాగితాలు ఎగిరిపడ్డాయి.

మరునాడు చీకటితోనే తమ్ముడితో బయలుదేరాను. ఇంజను వేడెక్కేవరకు అద్దం తెల్లగానే ఉంది. తరువాత అడుగున అరచేయంత మేర తేటపడి, క్రమంగా పైకి విస్తరించింది. కాలువ అంచున తాడిచెట్లు ఒక్కొక్కటే కనిపించాయి. తమ్ముడు గుడ్డను మాత్రం పారవేయలేదు. ప్రక్క అద్దాలకు ఈ గాలి అందదు మరి!