తుపానుకీ జ్వరం చూస్తారు!

2018 అక్టోబరు 11. ఇంకా తెల్లారలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో తలుపులు బిగించుకుని కూర్చున్న జనానికి బయటేం జరుగుతోందో కనిపించడం లేదు. వినిపిస్తోందంతే. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీస్తున్న గాలికి కొబ్బరిచెట్లు విరిగిపడుతున్న చప్పుడు. ఆ తుపాను పేరు మాత్రం ఎంత సుతారం... తిత్లీ! అంటే సీతాకోకచిలుక. పలాస దగ్గర్లో అది తీరం దాటింది. అంతకు ముందురోజే అతి తీవ్ర తుపానుగా మారింది.

తుపాను ఎంత బలపడిందన్నది దాని ఒంట్లో వేడి చూస్తే తెలుస్తుంది. సముద్రం మీది ఆవిరి మబ్బుగా మారేటప్పుడు వేడిని వదులుతుంది. ఆ వేడంతా తుపాను నడిమధ్యన, బాగా పైన పోగవుతుంది. అక్కడ చుట్టుపక్కల గాలికన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువుంటే, కింద పీడనం అంతగా పడిపోతుంది. గాలి అంతగా చెలరేగుతుంది.

మరి అంత ఎత్తున థర్మామీటరు పెట్టేదెలా? విశాఖపట్నంలో వాతావరణశాఖ బెలూన్‌కి చిన్న పరికరం కట్టి వదులుతుంది. పైకి వెళ్తున్నకొద్దీ అది ఉష్ణోగ్రత చెబుతుంది. నమ్మకమైన లెక్కే. కానీ తుపాను పుట్టేది నడిసముద్రంలో... అక్కడ బెలూన్ ఎగరేసేదెవరు?

అందుకే ఉపగ్రహాల్లో సౌండర్లు పెట్టారు. పేరు విని శబ్దంతో పనిచేస్తాయనుకునేరు! పడవవాళ్లు నీటి లోతు చూసినట్లు ఇవి గాలి లోతు చూస్తాయి. గాలిలోని వాయువులు వాటి వేడిని బట్టి పరారుణ కిరణాలు వెలువరిస్తాయి. ఒక్కో రకం కిరణం ఒక్కో ఎత్తు సంగతి చెబుతుంది. మన దేశానికి ఇలాంటి పరారుణ సౌండర్ 2013లో ఇన్సాట్-3డీతో వచ్చింది. 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి 18 పరారుణ ఛానళ్లలో ఆ కిరణాల్ని విడదీసి చూసేది.

చిక్కల్లా మబ్బుతోనే. పరారుణ కిరణాలు దట్టమైన మబ్బుని దాటి రాలేవు. తుపానంటేనే మబ్బు గుట్ట! సరిగ్గా అవసరమైన వేళకే కళ్లకు గంతలన్నమాట. అక్కడ ఆదుకునేవి మైక్రోవేవ్ సౌండర్లు. అమెరికావాళ్ల నోవా, యూరప్ మెటాప్ ఉపగ్రహాల్లో ఉంటాయి. ఆక్సిజన్ వెలువరించే మైక్రోవేవ్ తరంగాలు మబ్బుల్లోంచి చాలావరకు బయటికొచ్చేస్తాయి. కాకపోతే ఈ ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరుగుతాయి. ఒక్కోటి ఒకచోటి మీదికి వచ్చేది రోజుకి దాదాపు రెండుసార్లే. పైగా ఒక్కో చుక్క పదుల కిలోమీటర్ల మేర సగటు. తుపాను కన్ను అంతకన్నా చిన్నదైతే అసలు వేడి తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఆ లెక్కల్ని కంప్యూటర్ నమూనాల్లో మిగతా వివరాలతో కలిపి చూస్తారు.

2013 అక్టోబరు 12న పైలిన్. 2014లో సరిగ్గా అదే తేదీన విజయనగరాన్నీ కుదిపేసిన హుద్‌హుద్. ఆపై తిత్లీ. ముందే కబురందితే మనుషుల్ని తరలించొచ్చు, పడవల్ని ఒడ్డుకి లాగొచ్చు. కొబ్బరిచెట్టుని ఎక్కడికి తీసుకుపోతారు? దేశవాళీ మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు. తిత్లీ పోయిన వెంటనే ఉద్దానంలో నాటినా, మొదటి కాయ చూడాలంటే 2024, 25 దాకా ఆగాల్సిందే.