ఈ మైకు ఎవరిది?

రేడియో అంటే మా తరానికి పాటలూ, క్రికెట్ కామెంటరీ. 1942లో మాత్రం అదొక తుపాకి. దాన్ని ఎవరు ఎవరివైపు గురిపెట్టారో చూస్తే తమాషాగా ఉంటుంది.

బ్రిటిష్ వాళ్ళకి బి.బి.సి. ఉంది, ఆలిండియా రేడియో ఉంది. లండన్‌లో కూర్చుని మన దేశానికి యుద్ధవార్తల వ్యాఖ్యలు రాసి పంపినవాడు జార్జ్ ఆర్వెల్ అంతటి రచయిత! అటు బెర్లిన్ నుంచి ఆజాద్ హింద్ రేడియో. సింగపూర్ పడిపోయిన నాలుగు రోజులకి, ఫిబ్రవరి 19న, సుభాష్ బోస్ తొలిసారి తన పేరు చెప్పుకుని మాట్లాడారు. ఆ మార్చిలో ఆయన విమాన ప్రమాదంలో పోయారని వార్త వస్తే, గాంధీజీ బోస్ తల్లిగారికి సంతాపం తెలిపారు. పోయాడనుకున్న మనిషి గొంతు మళ్ళీ రేడియోలో పలికింది! అంతకు మించిన ఖండన ఏ పత్రిక వేయగలదు?

మొన్న క్లాసులో ఇది చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడు లేచి, "సార్, హిట్లర్ ఇచ్చిన మైకులో మాట్లాడితే అది మన మాటేనా?" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మాట మనదే. కాని మైకుకున్న మకిలి కొంత మాటకీ అంటుకుంటుంది. బెర్లిన్‌లో నిలబడి బ్రిటిష్ దౌర్జన్యాన్ని ఎంతైనా తిట్టవచ్చు. హిట్లర్ దౌర్జన్యం ఊసెత్తడానికి వీల్లేదు గదా!

అదే ఏడు ఆగస్టులో బొంబాయిలో మరో మైకు లేచింది. ఉషా మెహతా అనే 22 ఏళ్ళ అమ్మాయి, చదువు పక్కనపెట్టి, మిత్రులతో కలిసి రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపింది. 42.34 మీటర్ల మీద ప్రసారం. చిరునామా మాత్రం ఇండియాలో ఎక్కడో! పోలీసులకి దొరక్కుండా ఇల్లు మార్చి ఇల్లు. పత్రికలు అచ్చువేయలేని చిమూర్ అత్యాచారాలూ, జంషెడ్‌పూర్ సమ్మే అందులో వినిపించాయి. లోహియా ప్రసంగించారు. మూడు నెలలు నిండకుండానే, నవంబరు 12న పట్టుబడ్డారు. ఆమె కోర్టులో నోరు విప్పలేదు. నాలుగేళ్ళు జైలు వేశారు.

ప్రచారం అన్నంత మాత్రాన అబద్ధమనుకోనక్కర్లేదు. వినేవాడు అడగవలసినవి రెండే: ఈ మైకు ఎవరిది? ఇందులో చెప్పనివ్వని మాట ఏది? ఇవాళ ప్రతివాడి జేబులోనూ ఒక ట్రాన్స్‌మిటర్ ఉంది. ఈ రెండు ప్రశ్నలూ పరీక్షలో ఎలాగూ రావు గనక, ఇక్కడ రాసిపెడుతున్నాను.