ఒక్క అక్షరం తేడా

రెండు శాఖల రికార్డులు కలిపేటప్పుడు సివిల్ నంబరు (గుర్తింపు సంఖ్య)తో పాటు అరబీలో రాసిన పేరు కూడా అక్షరం పొల్లుపోకుండా కలవాలని నేనొక నియమం పెట్టాను. కలవకపోతే మనిషి స్వయంగా ఆఫీసుకు రావాలి. కువైట్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయానికి కాంట్రాక్టు మీద ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్‌గా, అంటే శాఖల కంప్యూటర్ వ్యవస్థలకు ఉమ్మడి నమూనా గీసేవాడిగా, చేరిన కొత్తలో చేసిన పని అది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రగతి పేరుతో 33 శాఖలను ఒక్క నమూనా కిందికి తేవాలని చూసిన రోజుల్లో ఈ వృత్తి మీద మోజు పడ్డవాణ్ణి. ఆ వృత్తికి సంబంధించిన టోగాఫ్ పరీక్షలు పాసయ్యాను. సర్టిఫికెట్లు పెరిగితే హోదా దానంతట అదే పెరుగుతుందని గట్టిగా నమ్మాను.

కౌంటరులో ఏళ్ళుగా పనిచేస్తున్న గుమస్తా మీటింగులోనే హెచ్చరించాడు, ఇండియా వాళ్ళ పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటాయని. ఆయన మాటను నేను మినిట్స్‌లోకి కూడా ఎక్కించలేదు.

అరబీలో ‘ప’ లేదు, ‘బ’ రాస్తారు. ‘చ’కూ సొంత అక్షరం లేదు. కడప, రాజంపేట వైపు ఎక్కువగా వినిపించే పెంచలయ్య అన్న పేరు ఒకరి చేతిలో బెన్షలయ్య అవుతుంది, ఇంకొకరి చేతిలో ఇంకేదో అవుతుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పన్నెండంకెల సివిల్ నంబరు మాత్రం మారదు. పుట్టిన తేదీ కూడా అందులోనే ఉంటుంది. నేను నమ్మాల్సింది దాన్ని.

ఈ సంగతి నాకు వఫ్రాలో తెలిసింది. కువైట్ సిటీకి దక్షిణాన సుమారు వంద కిలోమీటర్ల దూరం, సౌదీ సరిహద్దు పక్కన, టమాటా, దోస పండించే మజ్రాలు, అంటే పొలాలు. ఒక శుక్రవారం వెళ్తే, రాయచోటి వైపు పెద్దాయన ఒకరు తన కాగితాలన్నీ మంచం మీద పరిచాడు. అకామాలో (నివాస అనుమతిలో) ఒక పేరు, మరో కాగితంలో మరో పేరు, ఫోన్లో మా సిస్టం పంపిన మెసేజి.

“నేనుండేది ఒక్కణ్ణే గదా సార్, కాయితాల్లో ఇద్దరెట్లయినాను?”

ఆఫీసుకు పోవాలంటే సేటును అడగాలి, బండి చూసుకోవాలి. ఆయనకు సెలవు శుక్రవారమే. శుక్ర, శనివారాలు ప్రభుత్వ ఆఫీసులు తెరవరు. ఆ రెండు రోజులూ నేనూ ఇంట్లోనే ఉంటాను, అయినా నియమం రాసేటప్పుడు తోచలేదు. ఆయన ముందు నాకు మాట రాలేదు.

సివిల్ నంబరు కలిస్తే పని ఆగకూడదని, పేరులో తేడా వస్తే లోపలి అధికారే సరిచూడాలని మార్పు రాశాను. శాఖల్లో తేలిగ్గా ఒప్పుకోలేదెవరూ. ఏ శాఖ రాసిన పేరు మూలం అన్నది ముందు తేలాలి కదా. వఫ్రా చమురుదీ ఇదే కథ. 1953లో బయటపడ్డ ఆ చమురును కువైట్, సౌదీ చెరిసగం పంచుకుంటాయి. మాట కుదరక 2015లో ఆగిన బావులు 2019 డిసెంబరు ఒప్పందం అయ్యాక, 2020లో గానీ మళ్ళీ నడవలేదు. పైపులున్నాయి, పంపులున్నాయి, ఎవరి హక్కు ఎంతవరకన్నదే అప్పటిదాకా తేలలేదు. ప్రభుత్వ డేటాలోనూ ఆలస్యమంతా అక్కడే. శాఖల మధ్య ఆ మాట కుదర్చగలవాణ్ణే నేను ఆర్కిటెక్ట్ అంటాను. పరీక్షకు ఆ మాట కుదర్చడం మీద ఒక అధ్యాయం చదివానే గానీ, ఒక అధికారి ఎదుట కూర్చుని ఆయన భయమేమిటో అడగడం నాకు రాలేదు.

తర్వాత అరబీ ఫారాలు చదవడం నేర్చుకున్నాను. 18 నంబరు వీసా మీద ప్రైవేటు కంపెనీ పనికి వచ్చినవాడికీ, 20 నంబరు మీద ఇంటిపనికి వచ్చినవాడికీ దారులు ఎక్కడ వేరవుతాయో గుమస్తాల దగ్గరే తెలుసుకున్నాను. పై హోదాకు నన్ను పిలిచినప్పుడు అడిగినవి కూడా ఇవే, సర్టిఫికెట్ల ఊసు రాలేదు. ఇప్పుడు నా దగ్గర చేరే పిల్లల్ని మొదట కౌంటరు వెనక కూర్చోబెడుతున్నాను. వెనక్కి తిరిగిపోయిన ప్రతి మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో, ఏ కాగితం దగ్గర ఆగిపోయాడో రాసుకు రమ్మంటాను.