అయస్కాంతముల పంచాయతీ

కోనసీమవారికి గాలివాన కొత్త కాదు. 1996 నవంబరు 6వ తేదీనాటి తుపాను మా కొబ్బరితోటలను నేలకూల్చి, ఊళ్లను బహుదినములు చీకటిలో ముంచినది. ఈయేడు ఒక చిన్న గాలికే కరెంటు పోగా, కంప్యూటరులో మేము వ్రాసికొనుచున్న కొబ్బరి దింపు లెక్క, భద్రపరుపనందున, మాసిపోయినది. మేము యంత్రమును నిందింపసాగితిమి. మా అన్నగారి కుమార్తె నవ్వి, “దాని తలంపంతయు విద్యుత్తే, బాబాయ్; విద్యుత్తు పోయిన తలంపును పోవును. అయస్కాంతమైన మరువదు” అన్నది.

ఆ రాత్రి దీపపు వెలుగున ఆమెయే మాకు బోధించినది. అయస్కాంతపు మొగము పైకున్న ఒకటి, క్రిందికున్న సున్న. 2000లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కౌబర్న్, వెలాండ్ అనువారు 110 నానోమీటర్ల బిళ్ళలను వరుసగా పేర్చి, ఒకదాని మార్పు తీగ లేకయే పక్కదానికి ప్రాకునట్లు చేసిరి. తలవెండ్రుక వెడల్పున నట్టివి కొన్ని వందలు పట్టును. 2006లో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయమున ఇమ్రే, పొరోడ్ మొదలగువారు నడుమ నొకదానిని, చుట్టు మూడింటిని నిల్పిరి. మూడింటిలో రెంటి పలుకుబడి యెటో, నడిమిది యటు మొగ్గును. ఆ మూడింటిలో నొకదానిని సున్నగా బిగించినచో, తక్కిన రెండును ఒకటి యైననేగాని ఫలితము ఒకటి కాదు. దానినే ఒకటిగా బిగించినచో, తక్కినవానిలో నొక్కటి చాలును.

జ్ఞాపకమునకై అయస్కాంతపు చిప్పులు ఇప్పటికే విపణికి వచ్చినవి. ఈ లెక్కచేయు పంచాయతీ మాత్రము ప్రయోగశాల దాటలేదు. ప్రతి యడుగునను అయస్కాంతములను కదల్చుటకు వెలుపలి బలము కావలెను. అందుకు ఖర్చగు విద్యుత్తు తక్కువ కాదు. పరిసరముల వేడిమికి తప్పులును దొరలును.

“ఇట్టివాటిని చక్కచేయుటకే నేను విశాఖపట్టణమున ఎమ్మెస్సీ చదివెదనంటిని” అని ఆమె దీపము తగ్గించినది.

మాకు నిద్ర రాలేదు. ఆ చదువును గూర్చి మా యింట ముగ్గురము కూర్చుంటిమి. వదినగారు సరేయనిరి, అన్నగారు వలదనిరి. మేము “ఇద్దరును ఒప్పుకొన్న చూతము” అని పెద్దరికము నటించితిమి. అది తటస్థత యనుకొంటిమి. బిగించిన సున్న యని ఇప్పుడు తెలిసినది. మరునాటి యుదయమున “మా మాట ఒకటిగా వ్రాసికొనుడు” అని అన్నగారితో చెప్పితిమి. వదినగారి మాటకు అప్పుడు గాని విలువ రాలేదు.

అయినను సిగ్గు తీరలేదు. ఆ ముగ్గురిలో చదువవలసిన పిల్ల లేనేలేదు.