డెల్టా ఊళ్ళో బీపీ బిళ్ళ

భీమవరం దాటి కాలువ గట్టు పట్టుకుని వెళ్తే రొయ్యల చెరువుల మధ్యలో వస్తుంది ఆ ఊరు. హెల్త్ క్లినిక్ వరండాలో బెంచీలు అప్పటికే నిండిపోయాయి. ఆశా కార్యకర్త ఒక పెద్దాయన జబ్బకి పట్టీ చుట్టి మిషన్ నొక్కింది. 172/100.

"బాబాయ్ గారూ, బిళ్ళ వేసుకుంటున్నారా?"

"కిందటి నెల చూసినప్పుడు మామూలుగానే ఉందన్నావు కదమ్మా. మానేశాను."

ఈ మాట వినడానికే ఇంత దూరం వచ్చానేమో అనిపించింది. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి, ఏడాదిలో పోయిన 1,354 మంది ఏ కారణంతో పోయారో ఆరా తీశారు. గుండె, రక్తనాళాల జబ్బుల వాటా 32 శాతం. అంటురోగాలది 12 శాతమే. పల్లెల్లో జనం జ్వరాలతోనే పోతారనుకునేవాళ్ళకి అది పెద్ద కుదుపు.

ఆ రోజు చూడటానికొచ్చిన డాక్టరుగారు బీపీ ఎందుకు పెరుగుతుందో చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. రక్తనాళం ఉత్త గొట్టం కాదు. దాని లోపలి పొర రసాయనాలు విడుదల చేస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ వస్తే నాళం వదులవుతుంది. ఎండోథీలిన్ వస్తే గట్టిగా బిగుసుకుంటుంది. ఈ రెండోదాన్ని 1988లో జపాన్‌లో యనగిసావా బృందం పంది రక్తనాళపు కణాల నుంచి వేరు చేసింది. ఇక మూత్రపిండం రెనిన్ వదులుతుంది. దాంతో మొదలయ్యే యాంజియోటెన్సిన్ ప్రధానంగా ఊపిరితిత్తుల రక్తనాళాల గోడల మీద అసలు రూపం దాలుస్తుంది. అది నాళాలను బిగించడంతో ఆగదు, అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టిరాన్ విడుదల చేయించి ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెడుతుంది.

పెద్దాయన మానేసింది టెల్మిసార్టాన్. అది యాంజియోటెన్సిన్ పని చేసే చోటును మూస్తుంది తప్ప దాని తయారీని ఆపదు. పైగా మందు వాడుతున్నన్నాళ్ళూ రక్తంలో ఆ హార్మోన్ ఇంకా పెరుగుతుంది! లాకు తలుపు దించినంత మాత్రాన పైనుంచి వచ్చే నీరు ఆగదు కదా. కిందటి నెల మిషన్ చూపించిన మామూలు అంకె ఆ బిళ్ళ చలవే.

ఎనలాప్రిల్ అనే మరో రకం బీపీ మందు వాడే ఒకావిడకి పొడిదగ్గు పట్టుకుంది. జలుబనుకుని దగ్గు మందు తాగుతోంది. ఆ దగ్గు బీపీ మందు వల్లేనని చెప్పి డాక్టరుగారు దాన్ని మార్చారు. ఈ రెండు రకాల మందులూ గర్భిణులు వాడకూడదు. ఆ సంగతి ఆశా కార్యకర్తకి కంఠతా వచ్చు.

ఇదే పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, 54 గ్రామాల్లో ఆశాల చేతికి ట్యాబ్‌లిచ్చి గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్ళను గుర్తించే ప్రయత్నం జరిగింది. ముప్పున్నవాళ్ళను వెతికి పట్టుకుని డాక్టరు దగ్గరికి పంపారు. కానీ బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంకె చూసి చెప్పడం ఒక్కటే చాలదని నా గట్టి నమ్మకం. నెల నెలా బిళ్ళలు ఊళ్ళోకి రావాలి. అవి రోజూ ఎందుకు వేసుకోవాలో ఇలా బొమ్మ గీసి చెప్పేవాళ్ళుండాలి.

పెద్దాయన చీటీ తిప్పి తిప్పి చూసి అడిగారు: "ఆవకాయ మానేస్తే బిళ్ళ మానేయొచ్చాండీ?"

"ఉప్పు తగ్గిస్తే ఈ బిళ్ళే ఇంకా బాగా పనిచేస్తుంది. డోసు తగ్గించాలో లేదో నేను చూసి చెబుతాను. మీ అంతట మీరు మాత్రం ఆపకండి," అన్నారు డాక్టరుగారు.