పాడేరు సంత, పసుపు, మిరియాలు

విశాఖ నుంచి పాడేరు ఎప్పుడైనా వెళ్ళారా? మాడుగుల దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. పైకెక్కితే కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, ఆ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు! పక్కనే పసుపు చేలు. సంతలో పసుపు కొమ్ములు, మిరియాలు, పిప్పలి వేరు, అదేనండీ, మోడి కూడా దొరుకుతాయి.

దగ్గొస్తే పసుపు పాలల్లో చిటికెడు మిరియాల పొడి వేస్తాం కదా! అందులో కిటుకుంది. పసుపులోని కుర్కుమిన్ ఒంటికి సరిగా పట్టదు. పట్టిన కాస్తనీ కాలేయం త్వరగా మార్చి పంపించేస్తుంది. మిరియాల్లోని పైపరిన్ ఆ పనిని నెమ్మది చేస్తుంది. 1998లో బెంగుళూరు పరిశోధకులు 2 గ్రాముల కుర్కుమిన్‌కి 20 మిల్లీగ్రాముల పైపరిన్ జోడించి ఇస్తే, ఒంటికి పట్టింది సుమారు 20 రెట్లు పెరిగింది. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు కలిపిన త్రికటు చూర్ణంలోనూ పైపరిన్ ఉంటుంది.

అయితే ఒక్కమాట. పైపరిన్‌కి పసుపనీ, మాత్రనీ తేడా తెలియదు. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ మోతాదుని కూడా రక్తంలో పెంచగలదు. మా అత్తగారు వేసుకునేది ఆ మాత్రే! ఆవిడకి త్రికటు చేద్దామని సంతలో మిరియాలు బేరమాడుతుంటే గుర్తొచ్చి గుండె ఝల్లుమంది.

మిరియాలు కొన్నాను, చారులోకి. చూర్ణం మాత్రం డాక్టరుగారిని అడిగాకే. మీ ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ మాత్రలు వేసుకుంటుంటే, చూర్ణాలు మొదలుపెట్టే ముందు మీరూ ఓసారి అడగండి.